టెపే ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు: రంగు కుదిరితేనే చిగుళ్లకి పని

ముందే తేల్చి చెప్పేస్తాం. పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం పడుతూ, పళ్ల మధ్య కాస్తో కూస్తో సందున్న నడివయసువాళ్లు మొదట కొనాల్సింది పళ్ల సందుల్ని తోమే ఈ బ్రష్‌నే. మౌత్‌వాష్ కాదు, లవంగం పేస్టూ కాదు. పళ్లు బిగుతుగా ఆనుకుని ఉన్న కుర్రవాళ్లు మాత్రం దీనికి డబ్బు తగలెయ్యక్కర్లేదు, వాళ్లకి పళ్ల మధ్య లాగే ఫ్లాస్ దారం చాలు.

పాలసీసా కడిగే బ్రష్‌ని అగ్గిపుల్ల లావుకి కుదిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఇది. చేత్తో పట్టుకోడానికి ప్లాస్టిక్ పిడి, దాని కొసన మెలితిప్పిన సన్నటి తీగ, తీగ చుట్టూ కుచ్చు. తీగకి ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి లోహం నేరుగా పంటికి గీసుకోదు. ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే కట్టుడు పళ్లు, వేయించుకున్నవాళ్లకి ఈ పూత మరీ ముఖ్యం. టెపే కంపెనీది స్వీడన్‌లోని మాల్మో. 1965లో హెన్నింగ్ ఎక్లుండ్ అనే చెక్కపనివాడు మూడు పలకల పళ్లపుల్లతో మొదలుపెట్టాడు. మన ఇళ్లలో ఆ పని చీపురుపుల్లా, పిన్నీసూ చేస్తాయి. చీపురుపుల్లకి ఇరుక్కున్న మాంసం పీచు వస్తుంది కానీ పంటికి అంటుకున్న పాచి రాదు. పిన్నీసు సంగతి సరేసరి, చిగురుకి గుచ్చుకోవడమే.

ఫ్లాస్ ఉండగా ఇదెందుకంటే, దవడపళ్ల పక్కభాగాలు నున్నటి గోడల్లా ఉండవు. పై వరసలో కోరపంటి వెనకాల పన్ను చూడండి. కోరపంటి వైపు దాని మెడ దగ్గర చిన్న పల్లం ఉంటుంది. చిగురు వెనక్కి జరిగిపోయినవాళ్లలో ఆ పల్లం బయటపడుతుంది. దారాన్ని లాగి పట్టుకుంటే అది పల్లం రెండు అంచులనీ రాసుకుంటూ పోతుంది, లోపలి పాచి అలాగే ఉండిపోతుంది. కుచ్చు మాత్రం నొక్కుకుని పల్లంలోకి దిగుతుంది.

అసలు చిక్కంతా సైజుతోనే. గులాబీ 0.4 మిల్లీమీటర్లు, నారింజ 0.45, ఎరుపు 0.5, నీలం 0.6, పసుపు 0.7, ఆకుపచ్చ 0.8, ఆ పైన ఊదా 1.1, బూడిద 1.3, నలుపు 1.5. ఈ అంకె తీగ మందం, సందు వెడల్పు కాదు. అందుకే వేరే కంపెనీ 0.7తో దీని 0.7ని పోల్చకూడదు. పోల్చాలంటే ప్యాకెట్ మీద ఉండే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) నంబరు చూడాలి. గులాబీ 0, నారింజ 1, అలా ఒక్కో మెట్టు పెరుగుతూ నలుపు 8.

ఒకే నోట్లో ఒకే రంగు సరిపోవడం అరుదు. ముందుపళ్లకి ఒకటి, దవడపళ్లకి అంతకన్నా లావుది, మొత్తం రెండో మూడో కావాలి. అందుకని మొదట రకానికొకటి చొప్పున కలిపిన ప్యాకెట్ కొనండి. వీలైతే డెంటిస్టు దగ్గరే కొలిపించుకోవడం ఇంకా మేలు. కుచ్చు రెండు పళ్లనీ రాసుకుంటూ కాస్త బిగుతుగా వెళ్లాలి, తీగ మాత్రం ఎక్కడా తగలకూడదు. ఖాళీగా జారిపోతే చిన్నది. తొయ్యాల్సి వస్తే పెద్దది. బలవంతం చేస్తే తీగ వంగుతుంది, నాలుగుసార్లు వంగితే విరుగుతుంది. ప్యాకెట్ అటకెక్కేది సాధారణంగా ఇక్కడే, తప్పు సైజు కొని వస్తువు నాసిరకమనుకోవడంతో.

వాడకం రోజుకి ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు. మా లెక్కలో ముందు ఇది, తర్వాత మామూలు బ్రష్. అలా చేస్తే పేస్టులోని ఫ్లోరైడ్ సందుల్లోకీ అందుతుంది. చిగురు అంచుకి ఆనించి మెల్లగా లోపలికి పోనిచ్చి, కుచ్చు పొడవునా ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు ఆడించాలి. దీనికి పేస్టు పెట్టొద్దు. దవడపళ్ల దగ్గర నోరు బార్లా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి ఆడదు. నోరు సగం మూసి, బుగ్గ వైపు నుంచి పెట్టండి. సన్న సైజులైతే తీగని కాదు, పిడి కొసనున్న మెడని వేలితో కొద్దిగా వంచుకోవచ్చు. అయ్యాక కడిగి, నీరు ఆరాకే మూత పెట్టాలి.

మొదటి వారం రక్తం వస్తుంది. రక్తం వచ్చిన సందుని వదిలేసేవాళ్లే ఎక్కువ, శుభ్రం కావాల్సింది అదే సందు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. ఇంట్లోనూ ఇంచుమించు అదే లెక్క. రెండు వారాలు సరిగ్గా వాడినా రక్తం ఆగలేదంటే లోపల గార ఉండి ఉండొచ్చు. గట్టిపడిన గారని ఈ బ్రష్ తియ్యలేదు, డాక్టరు పనిముట్టుతో గార తీసే స్కేలింగ్ చేయించుకోవాల్సిందే. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. పళ్లని వదులు చేసేది గార చాటున కరిగిపోయిన ఎముక, డాక్టరు పనిముట్టు కాదు.

ఇంకో గొడవ. వాపు తగ్గగానే చిగురు కుంచించుకుని సందులు పెద్దవిగా కనిపిస్తాయి. బ్రష్ పెట్టి పెట్టి సందు పెంచుకున్నామని మానేస్తారు. అప్పుడు చెయ్యాల్సింది ఒక సైజు పెంచడం.

ఆరోగ్యంగా ఉన్న చిగురుకీ పంటికీ మధ్య గాడి లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. కుచ్చు చిగురు అంచు కింద ఓ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల దాకా అందుతుంది. లోతు 4 దాటితే ఇంటి వైద్యం చాలదు. చీము, కదిలే పన్ను, కొత్తగా విడిపోతున్న ముందుపళ్లు ఉంటే ప్యాకెట్ కొనేముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగరున్నవాళ్లు ఇంకా తొందరపడాలి. సిగరెట్టు తాగేవాళ్లకి రక్తం రాకపోయినా జబ్బు ముదురుతూ ఉండొచ్చు, పొగ ఆ గుర్తుని కప్పేస్తుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లలో కొందరికి చిగురు పెరిగి సందుల్నే మూసేస్తుంది. అక్కడ బ్రష్ దూర్చే ప్రయత్నం వద్దు, మందు మార్చడం గురించి డాక్టరునే అడగాలి, సొంతంగా ఆపొద్దు.

ఖర్చు మాత్రం చురుక్కుమంటుంది. ఒక్కోటి వారం నుంచి రెండు వారాలు వస్తుంది, కుచ్చు వాలిపోతే ఆ లోపే పారెయ్యాలి. 8 ఉన్న ప్యాకెట్ ఒక సైజుకి రెండు నుంచి నాలుగు నెలలు. రెండు సైజులకి రెండు ప్యాకెట్లు. అంత పెట్టలేకపోతే మందుల షాపులో దొరికే వేరే కంపెనీవైనా పర్లేదు, తీగకి పూత ఉందో లేదో, ఐఎస్ఓ నంబరు మీకు కుదిరినదో కాదో చూసుకుని తీసుకోండి.