ఫ్రీబీఎస్‌డీలో డిస్క్: యూఎఫ్‌ఎస్సా, జెడ్‌ఎఫ్‌ఎస్సా?

లినక్స్ నుంచి ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి వచ్చేవాళ్లు మొదట తికమకపడేది డిస్క్ దగ్గరే. లినక్స్‌లో మొదటి డిస్క్‌లోని మొదటి పార్టిషన్‌కి (డిస్క్‌లో విడదీసిన భాగానికి) ఉండే ఎస్‌డీఏ1 అనే పేరు కోసం వెతికితే కనబడదు. సాటా డిస్క్ పేరు ఏడీఏ0, అందులో జీపీటీ (డిస్క్‌ని విడదీసే కొత్త పద్ధతి) ఉంటే మొదటి పార్టిషన్ ఏడీఏ0పీ1. పాత పద్ధతి ఎంబీఆర్‌లో అయితే ముందు స్లైస్, దాని లోపల మళ్లీ పార్టిషన్లు, అందుకే ఏడీఏ0ఎస్1ఏ లాంటి పేర్లు.

ఇన్‌స్టాలర్‌లో ఆటో యూఎఫ్‌ఎస్, ఆటో జెడ్‌ఎఫ్‌ఎస్ రెండూ ఉంటాయి; ఇవి డిస్క్ మీద ఫైళ్లని సర్దే రెండు ఫైల్‌సిస్టమ్‌లు. పార్టిషన్ అంటే ఏంటో ఒంటబట్టాలంటే యూఎఫ్‌ఎస్ తీసుకోండి, ‘జీపార్ట్ షో’ అనే కమాండ్ కొట్టగానే బూట్, రూట్ (సిస్టమ్ ఫైళ్లు ఉండేది), స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) ఎక్కడ మొదలై ఎంతున్నాయో వరసగా కనిపిస్తాయి. కాకపోతే సైజు ముందే ఆలోచించుకోవాలి: వెనకాల ఖాళీ ఉంటే గ్రోఎఫ్‌ఎస్ అనే కమాండ్‌తో పెంచొచ్చు, తగ్గించడం మాత్రం కుదరదు. లాగ్‌లు ఉండే ‘వర్’ ఫోల్డర్‌ని విడి పార్టిషన్‌లో పెట్టారనుకోండి, లాగ్‌లతో అది నిండిపోయిన రోజు మీ ఫైళ్లుండే ‘హోమ్’ పార్టిషన్‌లో ఎంత ఖాళీ ఉన్నా అక్కరకు రాదు.

జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ టెన్షన్ లేదు. బూట్‌కీ స్వాప్‌కీ పార్టిషన్లు అక్కడా ఉంటాయి గానీ మిగతాదంతా జెడ్‌రూట్ అనే ఒకే పూల్ (ఉమ్మడి జాగా), అందులోని డేటాసెట్లన్నీ (విడివిడి ఫైల్‌సిస్టమ్‌లన్నీ) ఉమ్మడి బావిలో తోడుకున్నట్టు ఆ జాగానే వాడుకుంటాయి, కావాలంటే ఒక్కోదానికి కోటా (పరిమితి) పెట్టొచ్చు. అప్‌డేట్‌కి ముందు బీఈసీటీఎల్ కమాండ్‌తో బూట్ ఎన్విరాన్‌మెంట్ (బూట్ చేయగల సిస్టమ్ కాపీ) తీసిపెట్టుకుంటే, తేడా కొట్టినా పాతదాంట్లోకే బూట్ అవ్వొచ్చు.

రోజూ వాడే మెషీన్‌కి నా ఓటు జెడ్‌ఎఫ్‌ఎస్‌కే. ర్యామ్ తక్కువున్న చిన్న వర్చువల్ మెషీన్‌లో నేర్చుకోవడానికి యూఎఫ్‌ఎస్ చాలు.