లిబర్టీ సరుకు ఓడ నమూనా కిట్: డెక్కు మేలు, ఇంజను గది శూన్యం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా 2,710 లిబర్టీ ఓడలను నిర్మించింది. ఆ ఓడకు 1:350 నిష్పత్తిలో వచ్చిన ప్లాస్టిక్ కిట్‌ను విశాఖపట్నానికి తెప్పించుకుని పూర్తి చేశాను. అసలు ఓడ పొడవు సుమారు 134.5 మీటర్లు కాబట్టి నమూనా 38 సెంటీమీటర్లకు కాస్త మించుతుంది. యుద్ధనౌకల కిట్లు కొల్లలుగా దొరికే బజారులో, బరువులు మోసి బతికిన ఆవిరి ఓడను ఒక తయారీదారు పట్టించుకోవడమే సంతోషం.

మెచ్చుకోవలసింది డెక్కు. ముందు మూడు, వెనుక రెండు హ్యాచ్‌లు (సరుకు గదుల నోళ్లు), వాటి నడుమ బరువులెత్తే డెరిక్ దూలాలు, వైరును చుట్టే ఆవిరి వించ్‌లు అన్నీ ఉండవలసిన చోటనే ఉన్నాయి. రెండో హ్యాచ్ దగ్గరి 50 టన్నుల డెరిక్‌ను మిగతావాటికంటే లావుగా పోతపోశారు. రేవులో క్రేన్లు చాలని రోజుల్లో ఓడే తన సరుకును దించుకునేది. ఒక డెరిక్ కొనను హ్యాచ్ మీద, రెండోదాని కొనను గట్టు మీద నిలిపి, రెండు వించ్‌ల వైర్లనూ ఒకే కొక్కేనికి తగిలించి, ఒకదాన్ని చుడుతూ మరొకదాన్ని వదులుతూ సరుకు కట్టిన స్లింగును గట్టుకు చేర్చేవారు. వించ్‌ల దగ్గరి ఇద్దరికీ చేయి కలవకపోతే స్లింగు ఊగిపోయేది. 1933లో తెరుచుకున్న మన విశాఖ రేవులో మాంగనీసు ఖనిజం ఎత్తుకున్న ఓడలూ చాలావరకు ఆ తరానివే.

అయితే వైర్లకు దారం ఇవ్వలేదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర దొరికే వల దారం ఇక్కడ పనికిరాదు, 0.2 మిల్లీమీటర్ల దారం కూడా ఈ నిష్పత్తిలో 7 సెంటీమీటర్ల మోకు అవుతుంది. తలవెంట్రుక మందంలో ఉండే సాగుడు దారాన్ని విడిగా కొనుక్కోవాలి. హ్యాచ్‌లను మూసినట్టే పోతపోయడం మరో లోటు. అసలు ఓడలో చెక్క పలకలు పేర్చి, టార్పాలిన్ కప్పి, దాని అంచులను ఇనుప పట్టీలతో, చీలలతో బిగించేవారు. ఒక్క హ్యాచ్ తెరుచుకున్నా కళాసీల పని కళ్లకు కట్టేది.

అన్నిటికంటే పెద్ద వెలితి ఇంజను. చమురుతో మండే రెండు బాయిలర్ల ఆవిరి మూడు సిలిండర్లలో ఒకదాని తర్వాత ఒకటిగా వ్యాకోచించి, కండెన్సర్‌లో నీరై, తిరిగి బాయిలర్లకు చేరేది. 24.5, 37, 70 అంగుళాల వ్యాసం గల ఆ సిలిండర్లు 2,500 అశ్వశక్తినిస్తే ఓడ 11 నాట్ల (గంటకు సుమారు 20 కిలోమీటర్ల) వేగంతో నడిచేది. నిమిషానికి 76 చుట్లు తిరిగే క్రాంకు మధ్యకు లయ తప్పకుండా చేయి పోనిచ్చి, బేరింగు వేడెక్కిందేమోనని తాకి చూడడం ఇంజనుకు నూనె పోసే ఆయిలర్ల నిత్యకృత్యం. ఆ ఇంజను ఈ నమూనాలో అంగుళం ఎత్తుకు కూడా రాదన్నది నిజమే. కానీ ఓడ పక్క గోడలో ఒక ముక్కను విడదీసి చూసే ఏర్పాటు చేసి ఉంటే ఈ ధరకు న్యాయం జరిగేది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని జెరెమియా ఓబ్రియన్ అనే లిబర్టీ ఓడలో ఇలాంటి ఇంజను ఇప్పటికీ తిరుగుతోంది కాబట్టి చూసి చేయడానికి ఆధారమూ ఉంది.

దీన్ని జల ఉష అనే ఓడగా మార్చుకోవాలన్న కోరిక విశాఖవాసులకు కలగడం సహజం. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా ఇక్కడి సింధియా షిప్‌యార్డులో జలప్రవేశం చేసిన ఆ ఆవిరి ఓడ మోత సుమారు 8,000 టన్నులు. లిబర్టీ మోత 10,000 టన్నులకు పైమాటే. పేరు రాసి రంగు పూసినంత మాత్రాన ఇది అది కాదు. అంతకంటే ఫిరంగులను వదిలేసి, యుద్ధానంతరం ప్రైవేటు యజమానులకు అమ్ముడుపోయి ధాన్యం, బొగ్గు మోసిన లిబర్టీగా దీన్ని చేసుకోవడం సబబు. రంగులు మాత్రం వానాకాలంలో వేయకండి. సముద్రపు తేమకు పూత తెల్లబారుతుంది. ఈ కిట్‌కు నా మార్కులు ఐదుకు మూడున్నర.