బరంపురంలో ఎనిమిది ఆదివారాల యాజమాన్య తరగతులు: జపాన్ పాఠం నిండుగా, చైనా పాఠం వెలితిగా

పర్లాకిమిడిలో ఇరవై ముగ్గురు పనివారితో చిన్న జీడిపప్పు కార్ఖానా నడుపుతున్న నేను, బరంపురంలో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ చిన్న పరిశ్రమల యజమానుల కోసం పెట్టిన జపాన్, కొరియా, చైనా యాజమాన్య పద్ధతుల తరగతులకు ఎనిమిది ఆదివారాలు వెళ్లి వచ్చాను. రుసుము రెండు వాయిదాల్లో 6,000 రూపాయలు. పాఠం తెలుగు, ఒడియా కలిపి చెబుతారు కనుక మా ప్రాంతపు వ్యాపారులకు భాష అడ్డు కాదు. చేతికిచ్చిన నోట్సు మాత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. నా పక్కన కూర్చున్న రైసుమిల్లు యజమాని దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు.

జపాన్‌కు కేటాయించిన నాలుగు వారాలే ఈ తరగతులకు ప్రాణం. మాస్టారు టయోటా కార్లతో కాక, ఆ సంస్థను పెట్టిన టయోడా కుటుంబం మొదట నమ్ముకున్న మగ్గంతో పాఠం ఎత్తుకున్నారు. దారం తెగగానే తనంతట తానే ఆగిపోయే మగ్గాన్ని సకిచి టయోడా 1924లో సిద్ధం చేశారని చెప్పినప్పుడు, పోగు తెగిన సంగతి చూసుకోకుండా నేస్తే పట్టుచీర ఏమవుతుందో పుట్టినప్పటి నుంచీ ఎరిగిన బరంపురం నేతవారు ముగ్గురు ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ సూత్రమే తర్వాత కార్ల కర్మాగారంలో పనివారి చేతికి అందే తాడుగా మారింది. లోపం కనబడితే దాన్ని లాగి పై వారిని పిలవడం, అవసరమైతే ఉత్పత్తి వరుసనే ఆపించడం అక్కడ పనివారి విధి.

ఆ పాఠం విన్న మరుసటి వారమే మా గ్రేడింగ్ బల్ల దగ్గర ఒక గంట కట్టించాను. మొదటి రెండు రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మూడో రోజు ఒకామె మోగించి, "బాబూ, పొట్టు ఊడతంది గానీ పప్పు ఇరిగిపోతంది" అంది. మాస్టారు నేర్పినట్లు ఎందుకని వరుసగా అడుగుతూ పోగా, బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, పప్పు అతిగా ఎండిందని, ట్రేలు ఎక్కించిన సమయం రాత్రి మనిషికి తెలియక ఆలస్యంగా దించాడని తేలింది. ఇప్పుడు బోర్మా తలుపు మీద సుద్దముక్కతో సమయం రాస్తున్నాం. అంతకుముందు పప్పు విరిగితే పొట్టు తీసే ఆడవాళ్లనే కోప్పడేవాణ్ణి. అది తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ భాగంలో ఒక్క మాటతో నేను ఏకీభవించలేను. జీవితకాల ఉద్యోగం జపాన్‌వారి ప్రాచీన సంస్కృతి అన్నట్లుగా చెప్పారు. 1950లో టయోటా దివాలా అంచుకు చేరి పెద్ద సంఖ్యలో కార్మికులను తగ్గించబోతే సమ్మె జరిగింది, అధ్యక్షుడు కీచిరో టయోడా పదవి వదులుకోవలసి వచ్చింది. పెద్ద కంపెనీలలో ఆ కట్టుబాటు అటువంటి యుద్ధానంతర ఘర్షణల తరువాతే గట్టిపడింది. యజమానులకు పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి దాటవేయడం న్యాయం కాదు.

కొరియాకు రెండు వారాలు సరిపోయాయి. పై నుంచి వచ్చే ఆజ్ఞ, దాన్ని అమలుచేసే వేగం అక్కడి పెద్ద కుటుంబ సంస్థల బలమని, శామ్‌సంగ్ అధిపతి లీ కున్‌హీ 1995లో గుమి కర్మాగారంలో కార్మికుల కళ్ల ముందే దాదాపు 1,50,000 నాసిరకం ఫోన్లు, ఇతర పరికరాలు తగలబెట్టించిన ఉదంతంతో బాగా వివరించారు.

చైనాకు వచ్చేసరికి అసలు నిరాశ ఎదురైంది. ఒక ఆదివారంలో సగం పూట, అదీ చవక ధరల గురించి మాత్రమే చెప్పారు. గుమి మంటలకు పదేళ్ల ముందే, 1985లో, చింగ్‌దావ్ నగరంలో జాంగ్ రుయిమిన్ తన కర్మాగారంలో లోపాలున్న 76 ఫ్రిజ్‌లను ఆ పనివారి చేతనే సుత్తులతో పగలగొట్టించారు. అప్పట్లో ఒక్క ఫ్రిజ్ ధర అక్కడి కార్మికుని ఏడాది జీతాన్ని మించి ఉండేది. ఆ కర్మాగారమే తర్వాత హైయర్ అనే గృహోపకరణాల సంస్థ అయింది. 2005 తర్వాత అదే సంస్థ తనను తాను చిన్న చిన్న బృందాలుగా విడగొట్టుకుని, వాటికి సొంత లెక్కలు, కొనుగోలుదారుతో నేరుగా సంబంధం, లాభంలో వాటా అప్పగించింది. జపాన్ తాడు పనివారికి ఆపే అధికారం ఇస్తే, ఈ పద్ధతి జమాఖర్చునే వారి చేతికిస్తుంది. మా కార్ఖానాలో గ్రేడింగ్ బృందానికి అలా లెక్క అప్పగించవచ్చునా అన్నది నేను తరగతిలో అడగదలచిన ప్రశ్న. అడిగే సమయం లేకుండానే ఆ పూట ముగిసింది. చివరి ఆదివారం పరీక్షకు, ధ్రువపత్రాలకు పోయింది.

పది మంది నుంచి యాభై మంది వరకు పనివారున్నవారికి జపాన్ వారాల కోసమైనా ఈ రుసుము దండగ కాదు. చేరదలచినవారు రెండో వాయిదా కట్టే ముందు నోట్సు తెలుగులోనో ఒడియాలోనో ఇస్తారా, చైనా పాఠానికి కనీసం ఒక పూర్తి ఆదివారం కేటాయిస్తారా అని అడిగి తెలుసుకోవాలి.