158 డాలర్లు పోసి కంచె చూసొచ్చాం

సిడ్నీలో బర్వుడ్ అనే పేట ఉంది. అక్కడ బర్లీ స్ట్రీట్‌లో నాలుగో నంబరు దగ్గర, మేం వెళ్ళినప్పుడు, ఒక కంచె ఉంది. కంచె వెనక మట్టి, అక్కడక్కడా ఇటుక ముక్కలు. అది చూడటానికి నేనూ మా ఆవిడా తలకి 79 డాలర్ల చొప్పున 158 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టాం. ఈ రాతంతా ఆ మంట మీదే రాస్తున్నాను. మధ్యలో మంచి మాటలు కూడా దొర్లుతాయి, ఏమనుకోకండి.

ఏసీ/డీసీ అనే ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ అంటే నాకున్న పిచ్చి ఇంజనీరింగ్ హాస్టల్ నాటిది. మా తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్దాం అనగానే మా ఆవిడ సరేనంది. తీరా టికెట్లు కొన్నాక, మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ, అక్కణ్ణుంచి పెర్త్, అంతా ఒక బ్యాండ్ కోసమే అని తెలిసింది. "ఓపెరా హౌస్ ఉందా లేదా?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఉంది అన్నాను. అది చూశాం, బాగుంది.

మెల్‌బోర్న్‌లో పెద్ద కథేం లేదు. సిటీ మధ్యలో ట్రామ్ ఉచితం, ఏసీడీసీ లేన్ ఆ ఉచిత జోన్‌లోనే ఉంది కాబట్టి దారిఖర్చు సున్నా. ఫ్లిండర్స్ లేన్ నుంచి లోపలికి తిరిగే చిన్న సందు అది. ఒకప్పుడు కార్పొరేషన్ లేన్. 2004 అక్టోబర్ 1న బ్యాండ్ పేరు పెట్టారు. బ్యాండ్ పేరులో మధ్యన ఉండే ఏటవాలు గీత వీధి పేర్లలో కుదరదని నిబంధన అడ్డొచ్చింది, అందుకే బోర్డు మీద గీత ఉండదు. అప్పటి మేయర్ జాన్ సో, వాళ్ళ పాటలో హైవే నరకానికి పోతే ఈ సందు స్వర్గానికి పోతుందని ప్రారంభోత్సవంలో చమత్కరించాడట. స్వర్గం అంటే అతిశయోక్తే. గోడల నిండా బొమ్మలు, చెత్తడబ్బాలు, ఒక చోట ఇటుకల్ని చీల్చుకుని బయటికొస్తున్న, బ్యాండ్ పాత గాయకుడు బాన్ స్కాట్ శిల్పం.

"బోర్డు అంత ఎత్తున పెట్టారేంటి అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. కింద పెడితే ఎత్తుకుపోతారు రా అన్నాను. నిజం, ఆ బోర్డు చాలాసార్లు దొంగతనానికి గురైంది. స్పెయిన్‌లో మాడ్రిడ్ పక్కన లెగానెస్ అనే ఊళ్ళో 2000లో వీళ్ళ పేరుతో ఒక వీధి తెరిస్తే, ఆ బోర్డూ అంతే. నన్నడిగితే ఒక బ్యాండ్‌కి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఉండదు. తమ్ముడు మాత్రం నా చేతుల వంక అనుమానంగా చూశాడు.

అక్కణ్ణుంచి స్వాన్‌స్టన్ స్ట్రీట్ నడిచి వెళ్ళాం. 1976 ఫిబ్రవరిలో బ్యాండ్ ఒక లారీ ఎక్కి, పక్కన బ్యాగ్‌పైపులు ఊదేవాళ్ళను పెట్టుకుని, ఈ వీధిలోనే ‘ఇట్స్ ఎ లాంగ్ వే టు ద టాప్’ వీడియో తీసింది. ఇప్పుడు లారీ కాదు కదా, కారు పోవడమే కష్టం, అన్నీ ట్రాములే. మా ఆవిడ అప్పటికి మంచి మూడ్‌లో ఉంది. ఫొటోలు కూడా తనే తీసింది.

ఇక సిడ్నీ.

టూర్ నేను ఆన్‌లైన్‌లో బుక్ చేశాను. మూడు గంటలు, వ్యాన్, గైడ్, "యంగ్ కుటుంబం ఇంటి సందర్శన". పేజీ మీద ఆ ఇంటి ఫొటో పెద్దదిగా వేశారు. బ్యాండ్ పెట్టిన అన్నదమ్ములు మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ స్కాట్లాండ్‌లో గ్లాస్గో పిల్లలు. 1963లో కుటుంబం ఆస్ట్రేలియా వచ్చేసింది, తర్వాత బర్వుడ్‌లో ఆ ఇంట్లో ఉన్నారు. కుట్టుమిషన్ మీద ఏసీ/డీసీ అని ఉండటం చూసి ఆ పేరు చెప్పింది వాళ్ళ అక్క మార్గరెట్. ఆంగస్‌ని స్టేజీ మీద స్కూలు యూనిఫామ్ వేసుకోమన్నదీ ఆవిడే. డెబ్బై దాటినా ఆయన ఆ నిక్కరు విప్పలేదు. అలాంటి ఇల్లు చూడాలని ఎవరికుండదు?

వ్యాన్ 25 నిమిషాలు ఆలస్యం. ఏసీ పనిచేయలేదు. ఏసీ/డీసీ టూర్‌లో ఏసీ లేదని నేనొక జోకు వేశాను, ఎవరూ నవ్వలేదు. మొదట గోల్‌బర్న్ స్ట్రీట్‌లో చెకర్స్ క్లబ్ ఉండిన చోట ఆపాడు. 1973 డిసెంబర్ 31 రాత్రి వాళ్ళు మొదటి కచేరీ చేసింది అందులోనే. ఆ రాత్రి బాన్ స్కాట్ గొంతుకి జనం ఊగిపోయారని గైడ్ మొదలుపెట్టాడు. ఆ రాత్రి పాడింది డేవ్ ఎవాన్స్, బాన్ వచ్చింది 1974లో అని నేను మెల్లిగా చెప్పాను. అతను "ఓకే" అని, అప్పటి నుంచి నా వైపు చూడకుండా మాట్లాడాడు. మా ఆవిడ నా మోచేతిని గిల్లింది.

బర్వుడ్‌లో ఆపి "ఇదే" అన్నాడు. దిగి చూస్తే కంచె. ఇల్లేది అని అడిగితే, ఇక్కడే ఉండేది అన్నాడు. ఆ ‘ఉండేది’ వినగానే నాకు అర్థమైంది. ఆ ఇంటిని నేషనల్ ట్రస్ట్ 2013లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఆ జాబితాకి చట్టబద్ధమైన కాపలా లేదు, అది గౌరవం మాత్రమే. 2023లో 58 లక్షల డాలర్లకి ఒక బిల్డర్ కొన్నాడు, 2025 మొదట్లో కూల్చేశారు. ఆ ఇంటి చరిత్ర తమకు తెలియదంటూ తర్వాత క్షమాపణ చెప్పారు. ఇదంతా వార్తల్లో వచ్చిందట, నేను చూసుకోలేదు. ఆ తప్పు నాది. కానీ టూర్ వాడికి తెలియదా? వారంలో ఎన్నిసార్లు అక్కడ వ్యాన్ ఆపుతాడు! పేజీ మీద ఇంకా గోడలతో, కప్పుతో ఇల్లు నిలబడే ఉంది.

మిగతావాళ్ళు, ఒక జర్మన్ జంట, కంచె ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. నాకు చేతులు రాలేదు. వీధి బోర్డులు ఎత్తుకుపోయేంత ప్రేమ ఉన్న జనం, ఇల్లు పోతుంటే ఏం చేశారో.

మెయిల్ పెడితే నాలుగు రోజులకి జవాబొచ్చింది. తాము ‘స్థలం’ చూపిస్తామన్నారు కాబట్టి సేవ పూర్తిగా అందించినట్టేనట. నేను బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ పంపాను. దాని మీద ‘ఇంటి సందర్శన’ అని స్పష్టంగా ఉంది. మూడు రోజుల తర్వాత "మీ నిరాశను అర్థం చేసుకున్నాం" అంటూ తలకి 20 డాలర్ల వోచర్ ఇచ్చారు, అదీ వాళ్ళ టూర్లకే. డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. మీరు వెళ్ళాలనుకుంటే సెంట్రల్ స్టేషన్లో ట్రైన్ ఎక్కి బర్వుడ్‌లో దిగండి, బ్యాంక్ కార్డు తాకిస్తే చాలు, కొద్ది డాలర్లలో పని అయిపోతుంది. కంచె ఉచితం.

మా ఆవిడ మాత్రం ఆ రోజు లాభపడింది. తిరిగి వ్యాన్ ఎక్కనని మొండికేసి, నన్ను బర్వుడ్ రోడ్ మీదికి లాక్కెళ్ళింది. అక్కడంతా చైనా వంటకాల దుకాణాలే. 14 డాలర్ల 80 సెంట్లకి ఒక ప్లేటు కూరగాయల డంప్లింగ్స్, పక్కన వెనిగర్‌లో వేసిన మిరపకారం. రెండో ప్లేటు కూడా చెప్పింది. "ఏవండీ, ఇల్లు పోతే పోయింది, ఊరు మాత్రం బాగుంది" అంది. నేను మాట్లాడలేదు, కానీ మూడో ప్లేటు నేనే చెప్పాను.

సిడ్నీ నుంచి పెర్త్‌కి ఐదు గంటల విమానం. ఒక్కొక్కరికి 268 డాలర్లు, లగేజీ విడిగా 45. ముందు సీటుకి స్క్రీన్ కూడా లేదు. దాంతో మా ఆవిడ నన్ను అడిగింది, "ఇంత గొప్పోళ్ళయితే వీళ్ళకి అవార్డులేం వచ్చాయి?" అని. ఇరవై ఏళ్ళ కాపురంలో ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

1980లో వచ్చిన ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఒక్క అమెరికాలోనే 25 సార్లు ప్లాటినమ్ అయిందని 2019లో ధ్రువీకరించారు. అంటే రెండున్నర కోట్ల కాపీల లెక్క. ఆ ఏడాది ఫిబ్రవరిలో బాన్ స్కాట్ చనిపోయాడు, ఐదు నెలలు తిరగగానే బ్రయన్ జాన్సన్ గొంతుతో ఆల్బమ్ బయటికొచ్చింది. మరి దానికి గ్రామీ ఉందా? లేదు. అప్పటికి గ్రామీల్లో హార్డ్ రాక్ అనే విభాగమే లేదు. 1989లో మొదటిసారి ఆ విభాగం పెట్టినప్పుడు ఏసీ/డీసీ, మెటాలికా ఇద్దరూ పోటీలో ఉన్నారు. ఇచ్చింది జెత్రో టల్‌కి. వేణువు వాయించే బ్యాండ్‌కి! వేణువంటే నాకు గౌరవమే, కానీ ఆ రోజు కాదు.

సొంత దేశం కొంత నయం. ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ వాళ్ళ అరియా హాల్ ఆఫ్ ఫేమ్ 1988లో మొదలైనప్పుడు, తొలి వరసలోనే వీళ్ళను చేర్చారు. అమెరికా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2003 దాకా పట్టింది, ఏరోస్మిత్ బ్యాండ్ గాయకుడు స్టీవెన్ టైలర్ ఆహ్వానం పలికాడు. గ్రామీ వచ్చేసరికి 2010. అదీ ‘వార్ మెషీన్’ అనే పాటకి. మంచి పాటే, కానీ అభిమానుల్ని నిద్రలేపి పది పాటలు చెప్పమంటే అందులో అది రాదు. అది వచ్చిన ‘బ్లాక్ ఐస్’ ఆల్బమ్ 29 దేశాల్లో మొదటి స్థానంలో నిలిచింది, అది వేరే సంగతి. నా ఉద్దేశంలో ఆ గ్రామీ, రిటైర్మెంట్ రోజు ఆఫీసువాళ్ళు కప్పే శాలువా లాంటిది. మాల్కమ్ మతిమరుపు జబ్బుతో 2014లో బ్యాండ్ వదిలేశాడు, 2017లో పోయాడు, అని చెబుతూ పక్కకి చూస్తే మా ఆవిడ నిద్రపోతోంది. ఎక్కడ దాకా విందో తెలియదు.

పెర్త్ పక్కనే ఉన్న రేవు పట్నం ఫ్రీమాంటిల్‌లో బస గురించి ఎక్కువ చెప్పను అనుకుంటూనే చెబుతున్నాను. పబ్ పైన గది, రాత్రికి 142 డాలర్లు, రెండు రాత్రులు ముందే కట్టాలి, రద్దు లేదు. రిసెప్షన్ సాయంత్రం ఆరుకే మూసేస్తారు, తాళం గోడకున్న చిన్న పెట్టెలో ఉంటుంది. వాళ్ళు పంపిన నంబరుతో ఆ పెట్టె తెరుచుకోలేదు. వీధిలో 40 నిమిషాలు నిలబడ్డాక కింద బార్ అమ్మాయి జాలిపడి ఇంకో తాళం ఇచ్చింది. లిఫ్ట్ లేదు. బాత్రూమ్ వరండా చివర, నలుగురికి ఒకటి. ఆ సంగతి బుకింగ్‌లో చిన్న అక్షరాల్లో ఉందట. రాత్రి పన్నెండు దాకా కింద ఎవరో పాత పాటలు వాయించారు. అందులో నా వాళ్ళ పాట ఒకటి వచ్చింది, కాకపోతే డ్రమ్మర్ తొందరపడ్డాడు. మా ఆవిడ దుప్పటి ముసుగులోంచి "ఇదీ అభిమానమేనా?" అంది.

మర్నాడు పొద్దున ఫిషింగ్ బోట్ హార్బర్. 2008లో పెట్టిన బాన్ స్కాట్ కంచు విగ్రహం అక్కడుంది, చేతిలో మైకు, కాళ్ళ కింద యాంప్లిఫయర్. నిలువెత్తు అంటే మన ఊళ్ళ నాయకుల విగ్రహాల్లా ఆకాశంలో కాదు, పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేయొచ్చు. ఇద్దరికీ చేపలు, చిప్స్ 46 డాలర్లు, కొంచెం ఎక్కువే. నా చిప్స్‌లో మూడో వంతు ఒక సముద్రపు కాకి తినేసింది. తర్వాత ఫ్రీమాంటిల్ జైలు టూర్‌కి వెళ్ళాం. 1991 దాకా నడిచిన జైలు, ఇప్పుడు ప్రపంచ వారసత్వ కట్టడం. 1963లో పదహారేళ్ళ బాన్ కొన్నాళ్ళు ఇక్కడున్నాడు. ఇద్దరికీ యాభై డాలర్లు దాటింది, దండగ కాదు. గైడ్ తనకి తెలియనిది తెలియదని చెప్పాడు, ఈ యాత్రలో అలాంటి మనిషి తగలడం మొదటిసారి.

బాన్ సమాధి ఉన్న శ్మశానానికి క్యాబ్‌లో 14 డాలర్లు. పాటల రారాజు సమాధి అంటే పాలరాతి గుడి ఊహించుకున్నాం. తోటలో నేలబారున చిన్న ఫలకం, అంతే. బూడిద మాత్రమే ఉంది. 2006 జులై 9న, ఆయన బతికుంటే అరవై నిండే రోజున, పాత ఫలకాన్ని ఎవరో దొంగిలించారు. ఇప్పుడున్నది తర్వాత పెట్టింది. అభిమానులు వదిలిన గిటార్ పిక్‌లు, సిగరెట్లు, సగం తాగిన విస్కీ సీసా. నేనూ ఒక పిక్ పెట్టాను, మెల్‌బోర్న్‌లో రెండు డాలర్లకి కొన్నది.

మా ఆవిడ ఫలకం మీద తేదీలు లెక్కపెట్టింది. "ముప్పై మూడేనా? మీ తమ్ముడి వయసు" అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. బ్యాగులోంచి తడి టిష్యూ తీసి ఫలకం మీద మట్టి తుడిచింది, విస్కీ సీసా ఒరిగి ఉంటే నిలబెట్టింది. పూలు ఎందుకు తేలేదని నన్నే కోప్పడింది. క్యాబ్‌ని గంట తర్వాత రమ్మన్నాం, ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ప్రవేశ రుసుము లేదు, గైడ్ లేడు, మైకు లేదు. ఉదయం తొమ్మిదికే వెళ్ళండి, పది దాటితే ఎండ మండుతుంది.

అన్నట్టు, ఆ టూర్ వోచర్లు రెండూ, మొత్తం 40 డాలర్లు, నా మెయిల్లో అలాగే పడున్నాయి. ఆరు నెలల్లో గడువు తీరుతుంది. సిడ్నీ వెళ్తూ, మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే చెప్పండి, వాళ్ళకి బహుమతిగా ఇవ్వడానికి కోడ్ పంపిస్తాను.