ఈఎల్84 వాల్వు యాంప్లిఫయర్ కిట్: సామాను మేలైనది, వైరింగ్ పటమే మార్చాలి

ఒక్కో ఛానెల్‌కు స్పీకర్‌ను నడిపే ఒక ఈఎల్84 వాల్వు, రెంటికీ కలిపి అంతకు ముందే సిగ్నల్‌ను పెంచే ఒక ఈసీసీ83 వాల్వు ఉండే సింగిల్ ఎండెడ్ (ఛానెల్‌కు ఒకే ఔట్‌పుట్ వాల్వు) కిట్ ఇది. సామానుకు వంక పెట్టడానికి లేదు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లను పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అడ్డంగా తిప్పి బిగించేలా ఛాసిస్‌కు, అంటే అన్నీ బిగించే రేకు పెట్టెకు, రంధ్రాలు పెట్టారు. దాని అయస్కాంత క్షేత్రం వీటికి తగలకుండా ఉండాలంటే అలాగే పెట్టాలి.

గొడవంతా వైరింగ్ పటంతోనే. అందులో ఉన్నది ఉన్నట్టు కట్టి స్విచ్ వేస్తే, వాల్యూమ్ సున్నాలో ఉన్నా స్పీకర్లు గుయ్‌మంటున్నాయి. వాల్యూమ్ తిప్పితే ఆ మోత పెరగలేదు, తగ్గలేదు. అంటే ఇన్‌పుట్ వైపు నుంచి రావడం లేదు. ఆఫ్ చేసి, ఈసీసీ83 పీకి మళ్లీ ఆన్ చేశాను. లోతైన గుయ్ పోయింది, గరగరలాడే చప్పుడొకటి మిగిలింది. కాబట్టి జబ్బులు రెండు.

గుయ్ 50 హెర్ట్జ్‌ది, వాల్వులను లోపలి నుంచి వేడెక్కించే హీటర్ల నుంచి వస్తోంది. వాటికి కరెంటిచ్చే 6.3 వోల్టుల వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (నడిమధ్య నుంచి తీసిన తీగ) లేదు, పటంలో దాన్ని గ్రౌండ్‌కు ఎక్కడా కలపలేదు. రెండు కొసల నుంచీ చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ గ్రౌండ్‌కు వేసి, హీటర్ తీగలను తాడు పేనినట్టు పేని ఛాసిస్ మూలవారగా తీసుకెళ్లాను. గుయ్ ఆగిపోయింది.

గరగర 100 హెర్ట్జ్‌ది. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ మొదటి కెపాసిటర్‌ను నింపే కరెంటు నిలకడగా పారదు, పోట్లు పోట్లుగా వస్తుంది. పటంలో హై వోల్టేజ్ సెంటర్ ట్యాప్ ఒక స్క్రూకి, కెపాసిటర్ నెగటివ్ అవతలి మూలనున్న స్క్రూకి కలిపారు. ఆ పోట్లన్నీ ఈఎల్84ల గ్రౌండ్ మీదుగా రేకులోనే పోతున్నాయి. సెంటర్ ట్యాప్‌ను నేరుగా కెపాసిటర్ నెగటివ్‌కే సోల్డర్ చేసి, మిగతా గ్రౌండంతా అక్కడి నుంచి ఒకే తీగ మీద తీసుకెళ్లి, ఇన్‌పుట్ జాక్ దగ్గర మాత్రమే ఛాసిస్‌కు తగిలించాను. మెయిన్స్ ఎర్త్ మాత్రం ఛాసిస్‌కు విడిగా బోల్టుతో ఉండి తీరాలి. మోత తగ్గుతుందని దాన్ని పీకేసేవాళ్లున్నారు, ప్రాణం మీదికొస్తుంది.

నాకు నిజంగా కోపం తెప్పించింది, కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్‌ను ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ లేకపోవడం. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. 220 కిలో ఓమ్‌లు, 2 వాట్లది ఒకటి వేశాను. అదున్నా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

ఇప్పుడు స్పీకర్‌కు చెవి ఆనిస్తే తప్ప ఏమీ వినపడదు. గొంతు, వీణ చాలా దగ్గరగా పలుకుతున్నాయి. మీటరు వాడటం వచ్చినవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. తొలిసారి సోల్డరింగ్ పట్టేవాళ్లు, తయారీదారు ఆ పటం మార్చి, ఈ మూడు రెసిస్టర్లూ పెట్టెలో వేసేదాకా ఆగండి.