వెండి గనుల్లో మునిగిన లండన్ సొమ్ము: రియల్ దెల్ మోంతె యాత్ర

మెక్సికో సిటీ నుంచి పచూకా దాకా బస్సు ప్రయాణం హాయిగా సాగుతుంది. అక్కడి నుంచి కొండెక్కే చిన్న వ్యాన్లలో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి కానీ దూరం తక్కువే. సుమారు 2,700 మీటర్ల ఎత్తున ఉన్న వెండి గనుల ఊరు రియల్ దెల్ మోంతెకు వచ్చినవాళ్లలో చాలామంది రంగు గోడల ముందు ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది ఇప్పుడు మ్యూజియంగా ఉన్న అకోస్తా గని.

1824లో లండన్‌లో వాటాలు అమ్మి పెట్టిన కంపెనీ ఇక్కడి గనులను చేతికి తీసుకుంది. అప్పటికి అవి నీళ్లతో నిండి ఉన్నాయి. తోడిపోయడానికి ఆవిరి యంత్రాలనూ, ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతపు గని కార్మికులనూ రప్పించారు. 1825లో దాదాపు 1,500 టన్నుల సామాను వెరాక్రూజ్ రేవు దగ్గర తీరానికి చేరింది. అక్కడి ఎల్లో ఫీవర్ చాలామందిని పొట్టన పెట్టుకుంది. మిగిలినవాళ్లు కంచర గాడిదలను కట్టి, 1826కల్లా ఆ ఇనుమంతా కొండమీదికి ఈడ్చుకొచ్చారు. నీళ్లు తోడారు, వెండీ తీశారు. అయినా ఖర్చు ముందు రాబడి నిలవలేదు. సుమారు 50 లక్షల పెసోల నష్టంతో 1849లో మెక్సికన్ వ్యాపారులకు అమ్ముకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత కొద్దికాలానికే పచూకాలోని రొసారియో గనిలో కొత్త యజమానుల పంట పండింది! పెట్టుబడి ఒకరిది, ప్రాప్తం మరొకరిది.

ఆ కంపెనీని లండన్ నుంచి నడిపించినవారిలో ప్రముఖుడు జాన్ టేలర్. ఆయన కుటుంబ సంస్థ జాన్ టేలర్ అండ్ సన్సే తర్వాత, 1880లలో, కోలార్ బంగారు గనులను చేపట్టింది. కేజీఎఫ్‌లో పనిచేసిన తాతలున్న తెలుగువాళ్లకు అకోస్తా పొగగొట్టం ఎక్కడో చూసినట్టే అనిపించవచ్చు.

హెల్మెట్ పెట్టుకుని సొరంగంలోకి నడవడం టికెట్టుకు తగిన అనుభవమే. గైడు స్పానిష్ తప్ప మాట్లాడలేదు, కాబట్టి చరిత్ర చదువుకుని వెళ్లండి. లా దిఫికుల్తాద్ గని కూడా మ్యూజియమే, కానీ ఒక్కదానికే సమయముంటే అకోస్తాకే నా ఓటు. ఇంగ్లీషు శ్మశానానికి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. సమాధులన్నీ ఇంగ్లండు వైపు తిరిగి ఉంటాయని, రిచర్డ్ బెల్ అనే విదూషకుడిది మాత్రం వేరే దిక్కుకు ఉంటుందని చెబుతారు. రాళ్ల మీది కార్న్‌వాల్ ఇంటిపేర్లు చదువుతూ ఎంతసేపైనా తిరగవచ్చు.

తిండి విషయంలో ఇబ్బంది లేదు. కార్న్‌వాల్ కార్మికులు తెచ్చిన పాస్తె (లోపల కూరిన పదార్థంతో కాల్చిన పిండివంట) ఇక్కడ మిరపకాయలు చేరి మన నాలుకకు దగ్గరైంది. చిక్కుడు గింజలవీ, బంగాళాదుంపవీ దొరుకుతాయి కానీ, శాకాహారులు పిండిలో పందికొవ్వు కలిపారేమో అడిగి తీసుకోవాలి. పాస్తె మ్యూజియం పిల్లలకు నచ్చుతుంది, పెద్దలకు అరగంట చాలు.

చౌరస్తా దగ్గర మేం దిగిన పాత ఇంటి సత్రంలో వేడినీళ్లు బతిమాలితే తప్ప రాలేదు, గదిలో హీటరూ లేదు. బరువైన కంబళ్లు మాత్రం ఇచ్చారు. సౌకర్యం కావాలంటే పచూకాలో దిగి పగటిపూట వచ్చి వెళ్లడం మేలు. పొద్దున్నే పొగమంచు చూడాలనుకుంటే చలిబట్టలతో పైనే ఉండండి, అదీ శని, ఆదివారాలు తప్పించి.