పుండుకు రష్యన్ మాట: రాన, వ్రేద్, యాజ్వ... ఏది మేలు?

'పుండు'ను రష్యన్‌లో ఏమనాలి అని అడిగితే తెలుగువాడి మనసు ముందు 'రాన' మీదికే పోతుంది. భాషావేత్తలు ఈ మాటను సంస్కృత 'వ్రణం'తో పోలుస్తారు మరి. మన వ్రణానికి అంత దూరాన చుట్టం దొరికితే ఎవరికి ముచ్చటగా ఉండదు? కానీ చుట్టరికం చూసి మాట వాడితే పప్పులో కాలేసినట్టే. కత్తితో తెగినా రానే, తూటా తగిలినా రానే. అంటే అది గాయం.

సుశ్రుతుడు వ్రణాలు రెండు రకాలన్నాడు. ఒంట్లోంచే పుట్టేది శారీరం, బయటి దెబ్బతో వచ్చేది ఆగంతుకం. రష్యన్ రాన ఆగంతుకం వైపు నిలిచిపోయింది. మన వాడుకలో వ్రణం అనగానే చీముపట్టిన పుండే గుర్తొస్తుంది. రక్తసంబంధం ఉన్నా కాపురాలు వేరు.

'వ్రేద్' సంగతి ఇంకా విచిత్రం. పోలిష్‌లో 'వ్జూత్', చెక్‌లో 'వ్ర్షెత్' అంటే ఇప్పటికీ పుండే. రష్యన్‌లోనూ 'వేరెద్' అనే పాత మాటకు కురుపని అర్థం. దానికే చర్చి స్లావోనిక్ అనే పాత చర్చి భాష నుంచి వచ్చిన తోబుట్టువు వ్రేద్. ఇది ఒంటిని పూర్తిగా వదిలేసి 'హాని'గా మారిపోయింది. సిగరెట్ పెట్టె మీద ఆరోగ్యానికి హానికరం అని రాసేటప్పుడు వాడే క్రియ దీన్నుంచి వచ్చిందే. అక్కడ పుండు దాగి ఉందని పొగతాగేవాడికి తట్టదు. కాబట్టి పుండుకు వ్రేద్ పనికిరాదు.

ఇక మిగిలింది యాజ్వ, నా ఓటు దానికే. కడుపులో అల్సర్ ఉందని మనం అన్నచోట వాళ్లు యాజ్వ ఉందంటారు. నోటిపూతకు దీన్నే ముద్దుగా 'యాజ్వొచ్క' అంటారు. షుగర్ ఉన్నవాళ్ల కాలికి పట్టి మానని పుండూ యాజ్వే. మన పశువైద్యులు దొమ్మరోగం అనే ఆంత్రాక్స్ అక్కడ 'సైబీరియా పుండు', అంటే సిబీర్‌స్కయ యాజ్వ. ఆ రోగం సంగతి తేల్చడానికి 1788లో చెల్యాబిన్స్క్‌లో స్తెపాన్ అంద్రియేవ్‌స్కీ అనే వైద్యుడు దాన్ని తన ఒంటికే అంటించుకున్నాడు. బతికి బట్టకట్టాడు కూడా.

ఈ మాట పుట్టుక దగ్గరా రెండు దారులున్నాయి. గాయమే మొదటి అర్థం అనుకోవడానికి ఆధారం ప్రాచీన ప్రష్యన్‌లోని 'ఎయ్‌స్వో'. ఎప్పుడో చచ్చిపోయిన ఆ బాల్టిక్ భాషలో దానికి గాయమనే అర్థం. రెండో దారి లిథువేనియన్ 'ఐజా', అంటే పగులు, చీలిక. నాకు రెండోదే నచ్చుతుంది. ఎందుకంటే మన తెలుగు బైబిల్లో మత్తయి 8:20లో 'నక్కలకు బొరియలు' అని ఉన్నచోట చర్చి స్లావోనిక్‌లో 'యాజ్వినీ' అని ఉంటుంది. గాయం నుంచి నక్క బొరియకు పోవడం కష్టం. చీలిక నుంచైతే ఇటు నేలలో బొరియకూ, అటు ఒంట్లో పుండుకూ తేలిగ్గా పోవచ్చు. పుండు గుంటపడింది అని మనమూ అంటాంగా! బొరియలు తవ్వే బ్యాడ్జర్‌ను సెర్బులు 'యాజవాత్స్' అంటారు, దాన్నీ ఈ కుదురుకే ముడిపెట్టేవాళ్లున్నారు.

అయితే రానకూ యాజ్వకూ మధ్య గీత ఎప్పుడూ ఇంత గట్టిగా లేదు. క్రీస్తు చేతుల మీద చూస్తేగాని నమ్మనని ఆయన శిష్యుడు తోమా అన్న మేకుల గుర్తులను చర్చి స్లావోనిక్ యాజ్వలంటుంది. 1876 నాటి రష్యన్ బైబిల్లో అదే యోహాను 20:25 దగ్గర రాన వచ్చి కూర్చుంది. పాత గ్రంథాన్ని నేటి అర్థంతో చదివితే క్రీస్తు చేతులకు అల్సర్లు పట్టాయి అనాల్సివస్తుంది!

పిల్లాడి మోకాలి మీద ఎండిన పొక్కుకు మాత్రం యాజ్వ మరీ బరువు. దానికి 'బల్యాచ్క' చాలు, నొప్పి అనే మాట నుంచి వచ్చిందది.

ఇంకో జాగ్రత్త. నోరు తెరిస్తే సూటిపోటి మాటలే అనేవాళ్లను కూడా రష్యన్లు యాజ్వ అంటారు. దెప్పిపొడవడానికి క్రియ 'యజ్‌వీత్'. 'నువ్వు యాజ్వవి' అన్న వాక్యం కంటపడితే దాన్ని 'నువ్వు పుండువి' అని తెలుగు చేయకండి. 'నీ నోరు మంచిది కాదు' అంటే సరిపోతుంది.